విషపు జీవులతో ఆట చేస్తానన్న మేనల్లుడికి

చి. చిన్నాకు మామయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోను చేసింది. "నీ మేనల్లుడు ఉద్యోగం మానేస్తాడట. పాములూ తేళ్లూ పెట్టి వీడియో ఆట తయారుచేస్తాడట. వాడి బుర్ర చెడగొట్టింది నువ్వే, నువ్వే మాట్లాడుకో" అంది. తమ్ముడి పిచ్చి కొడుక్కి అంటుకుందని అక్క బాధ. నాకు మాత్రం, నిజం చెప్పొద్దూ, ఛాతీ రెండంగుళాలు పెరిగింది. కానీ పెట్టేసే ముందు ఆవిడ ఇంకో మాట అంది. దాంతో నిద్ర పట్టలేదు. ఆ సంగతికి తర్వాత వస్తాను.

తెలిసినవి ముందు కానిచ్చేద్దాం. ఏడాది ఖర్చులు పక్కన పెట్టాకే రాజీనామా ఇవ్వు. చేసిన పని రెండు చోట్ల దాచుకో. బొమ్మలు వేసే అమ్మాయికి ఎంత ఇస్తావో కాగితం మీద రాసుకో. వేళకు తిను.

ఇక విషం. జీవులను పట్టి పోరుకు దింపే పోకెమాన్ ఆటలు చేసినవాళ్లకే ఇది ఒక పట్టాన కుదరలేదు. 1996లో జపాన్‌లో వచ్చిన మొదటి ఆటల్లో 151 జీవులుంటే 33 విషజాతివే, అన్నిటికంటే పెద్ద గుంపు. తీరా చూస్తే విషదాడుల్లో గట్టిదాని బలం 65. నిప్పుకీ నీటికీ 120 దాకా ఉండేది. 1999లో ఉక్కుజాతి వచ్చింది, దానికి విషం అంటనే అంటదు. 2013లో ఫెయిరీజాతిని తెచ్చి, దాని మీద విషం గట్టిగా పనిచేసేలా చేశాకే విషదాడికి గిరాకీ వచ్చింది. పదిహేడేళ్లు! నీ పట్టికలో ఒక జాతిని రాసేటప్పుడు అది ఎవరిని భయపెడుతుందో అదే రోజు రాసుకో.

మీ అమ్మ నీకు చెప్పి ఉండదు. 1999లో అమెరికా బంధువులు వదిలి వెళ్లిన, చేతిలో పట్టుకుని ఆడే గేమ్‌బాయ్‌ని ఇద్దరం దోమతెరలో దూరి, టార్చి వేసుకుని ఆడేవాళ్లం, దాని తెరకు వెలుతురు ఉండేది కాదు. పోకెమాన్ అడవిలో వీడిల్ అనే ముల్లుపురుగు మా నిప్పుబల్లి చార్మాండర్‌ని కుట్టింది. విరుగుడు మందు లేదు. మిగిలిన ప్రాణం 11. నాలుగు అడుగులకు ఒకటి చొప్పున పోతుంది, పోయిన ప్రతిసారీ తెర మిణుకుమంటుంది. "నలభైనాలుగు అడుగులున్నాయి, దారి తప్పకు" అని అక్క పైకే లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఊరి పొలిమేర కనిపిస్తుండగా పడిపోయింది. ఆవిడ ఆ రాత్రి నాతో మాట్లాడలేదు. 2010 నుంచి ఆ నడక విషాన్ని తీసేశారు. మంచిపనే అంటారు. నేను ఒప్పుకోను.

ఇప్పుడు నా తప్పు చెబుతాను, ఇది నిదానంగా చదువు. పదేళ్ల కిందట మేము చేసిన ఫోను ఆటలో మండ్రగబ్బ అనే తేలును రూపొందించింది నేనే. దాని కాటు ఎత్తు ఎత్తుకూ ముదురుతుంది. డొప్ప మూసుకుంటే దెబ్బ సగమే తగులుతుంది. రాయి కింద దూరితే ప్రాణం పుంజుకుంటుంది. విడివిడిగా చూస్తే మూడూ ముచ్చటైనవే. లెక్కలన్నీ కుదిరాయి, అందరూ మెచ్చుకున్నారు, నేను మురిసిపోయాను.

ఆట బయటికొచ్చిన మూడో వారంలో కూకట్‌పల్లిలో టిఫిను తింటుంటే ఎదుటి బల్ల దగ్గర ఒక కుర్రాడు అదే ఆట ఆడుతున్నాడు. ఫోను ప్లేటు పక్కన పెట్టి, ఇడ్లీ తుంచుకుని, చట్నీ అంటని చిటికెనవేలితో మీట నొక్కుతున్నాడు. తెర వైపు చూడటం లేదు. బాగా ఆరితేరినవాడేమో అనుకుని, "చూడకుండానే ఆడేస్తున్నావే" అన్నాను. "దీనికి చూడక్కర్లేదండీ, ఒకసారి కుట్టి డొప్ప మూసుకుంటే చాలు. అవతలివాడు విసుగెత్తి పోతాడు" అన్నాడు. ఓడిపోతాడు అనలేదు, చూశావా? పోతాడు అన్నాడు.

ఆఫీసుకు వెళ్లి పాత పోటీలు తీసి చూశాను. విషజీవికి విషం ఎక్కదని నియమం పెట్టింది నేనే. ఇద్దరూ మండ్రగబ్బలనే తెచ్చుకుంటే ఇక తేలేదెప్పుడు? రెండూ డొప్పలు మూసుకుని కూర్చున్నాయి. కంగారులో విషం జోరు తగ్గించాను. అది ఇంకా పెద్ద తప్పు, పోటీలు మరింత సాగాయి. జనం మెల్లగా జారుకున్నారు. చివరికి, డొప్ప మూసి ఉన్నంతసేపూ విషం ముదరదు అని ఒక్క వాక్యం చేర్చాను. నయమైంది కానీ, అప్పటికి ఆడేవాళ్లే మిగల్లేదు.

పోకెమాన్‌లో టాక్సిక్ అనే ఎత్తును చూడు. మొదటిసారి ప్రాణంలో పదహారో వంతు పోతుంది, తర్వాత రెండు వంతులు, మూడు, నాలుగు. ఐదు ఎత్తులకు పదిహేను వంతులు ఖాళీ. చాలా క్రూరంగా ఉంది కదా? కానీ ఆ జీవిని వెనక్కి పిలిచి ఇంకొకదాన్ని దింపితే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. ఆ తలుపు తీసి ఉంచారు కాబట్టే అవతలివాడు ఆలోచిస్తాడు. ఆ దిగే చోట ముందే విషపు ముళ్లు చల్లి ఉంచేవాడు ఇంకా తెలివైనవాడు; ఆ ముళ్ల మీద విషజీవిని దింపి ఊడ్చేసేవాడు వాడికి మొగుడు. నా మండ్రగబ్బకు తలుపు లేదు. ఇంకొకటి, పాత ఆటల్లో టాక్సిక్‌ను దాదాపు ప్రతి జీవికీ నేర్పేవారు. 2022 నాటి పోకెమాన్ ఆటలు స్కార్లెట్, వయొలెట్‌లలో బాగా కుదించారు. విషం విషమున్నవాటి దగ్గరే ఉండాలి.

బొమ్మల విషయానికొస్తే, పోకెమాన్‌లోని పాము ఆర్బాక్ పేరును ఇంగ్లీషు అక్షరాల్లో తిరగేస్తే కోబ్రా. మన నాగుపాముకు కళ్లజోడు గుర్తు పడగ వెనక ఉంటుంది, వాళ్లు ముందు వైపు గీశారు. ఎదుటి జీవిని ఆటగాడు ముందు నుంచే చూస్తాడని అయి ఉంటుంది. ముంగిసలాంటి జాంగూస్‌కైతే విషం ఎక్కని గుణం ఇచ్చారు. నిజం ముంగిసకూ నాగు విషం అంత తేలిగ్గా పనిచేయదు. నీ చిత్తుబొమ్మల్లో పాములన్నీ పచ్చ రంగులో ఉన్నాయని మీ అమ్మ చెప్పింది. పచ్చగా ఉంటేనే విషమా? రక్తపింజరిని ఎండుటాకుల్లో గుర్తుపట్టగలవా?

ఇక ఆ మాట. పాముల కదలిక పట్టుకోవడానికి రాత్రుళ్లు పొలాలకు వెళ్లి వీడియో తీస్తావట! బుద్ధి ఉందా నీకు? మా చిన్నప్పుడు వసారాలో చాప మీద పడుకున్న పాలేరు తెల్లవారుజామున కడుపునొప్పి అన్నాడు. నోట మాట ముద్దగా వచ్చింది, రెప్పలు వాలిపోతున్నాయి. నిద్రమత్తనుకున్నారు. కట్లపాము కాటు నొప్పి పుట్టదు, గాటు కూడా సరిగా కనబడదు. ఆటలో తల మీద అంకె చూపిస్తావు. అతనికి ఎవరు చూపించారు? బండి కట్టేసరికే ఆలస్యమైపోయింది. అంత గుట్టు విషాన్ని ఆటలో పెట్టకు, అది ఆటగాడికి అన్యాయం. నోటితో విషం పీల్చడం, తాడుతో బిగించి కట్టడం లాంటి వైద్యం ఒక్క బొమ్మలో కూడా చూపించకు. పదేళ్ల పిల్లలు ఆడతారు, చూసింది చేస్తారు. ఆసుపత్రి బొమ్మ వెయ్యి.

వెళ్లక తప్పదంటావా, ఒంటరిగా వద్దు. పాములు పట్టేవాళ్లు తెలిసినవాళ్లున్నారు, నేనూ వస్తాను. మోకాళ్ల దాకా బూట్లు కొని పంపుతున్నాను, నీది తొమ్మిదో నంబరే కదా? ఆదివారం ఇంటికి రా. గేమ్‌బాయ్ బీరువాలోనే ఉంది, బ్యాటరీల చోట ఉప్పు పట్టింది, ఇద్దరం కూర్చుని గీకుదాం. అమ్మను కూడా తీసుకురా. అడుగులు లెక్కపెట్టడానికి మనిషి కావాలి.

మీ మామయ్య