పప్పన్నం ఎప్పుడంటే ఏం చెప్పను?

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. హన్మకొండలో ఉద్యోగం. నాన్న పోయాక అమ్మా నేనూ ఉంటున్నాం. పెళ్లి వద్దని నేనే అనుకున్నాను, ఇప్పటికీ లోటనిపించదు. కానీ ఏ ఫంక్షన్‌కు పోయినా "పప్పన్నం ఎప్పుడు పెడతవ్?" అంటారు. పోయినేడు సద్దుల బతుకమ్మ నాడు అందరి పుస్తెలకు గౌరమ్మ పసుపు పెడుతూ వచ్చిన పెద్దమ్మ, నా దగ్గరకు రాగానే చెయ్యి వెనక్కి తీసుకుంది. నా పెళ్లి కోసం అమ్మ కొన్న ఇత్తడి బిందెలు ఇంకా అటక మీదే ఉన్నాయి. అన్నయ్య అమ్మ మందులు, ఆస్పత్రి అన్నీ నాకే వదిలేశాడు. నాన్న కట్టిన ఇంటి మాటెత్తితే మాత్రం "ఒక్కదానివే కదా, నీకెందుకు?" అంటున్నాడు. నేను తప్పు చేశానా?

జవాబు: లేదమ్మా. మీ ఉత్తరం నిండా అందరికీ జవాబులు చెప్పీ చెప్పీ వచ్చిన అలసటే కనిపించింది.

పప్పన్నం అడిగేవాళ్లను పెద్దగా పట్టించుకోకండి. చాలామంది "తిన్నవా?" అన్నట్టే అడుగుతారు. "ఆదివారం ఇంటికి రాండ్రి, పెడత" అని నవ్వేయండి. కారణాలు మాత్రం చెప్పొద్దు. మీరు కారణాలు మొదలుపెడితే వాళ్లు సంబంధాలు మొదలుపెడతారు.

నన్ను ఆపింది ఆ బిందెల సంగతి. ఎప్పుడో జరగబోయే దానికోసం వాటిని దాచినట్టే, మీరూ కొన్ని ఆపుకున్నారేమో చూసుకోండి. మంచి మంచం, ఒక ఊరు చూసి రావడం, ఇంటికి రంగులు, ఏదైనా సరే. అమ్మను కూర్చోబెట్టుకుని ఆ బిందెలు దించండి. ఆమె ఏడుస్తుంది, ఏడవనివ్వండి. ఆమె భయం పెళ్లి గురించి కాదు, "నా తర్వాత దీనికెవరు?" అని. దానికి వాదన పనిచేయదు. మీ పాస్‌బుక్కు, హెల్త్ ఇన్సూరెన్స్ కాగితం చూపించండి. ఇంటి రెండో తాళంచెవి ఎవరి దగ్గర ఉందో, అర్ధరాత్రి జ్వరమొస్తే ఎవరికి ఫోన్ చేస్తారో చెప్పండి. అలాంటి మనిషి లేకపోతే ముందు ఆ పని చూడండి.

ఇక అన్నయ్య. పిల్లాజెల్లా లేనివాళ్లకు ఖర్చుండదు, పనుండదు అన్న లెక్క ప్రతి ఇంట్లోనూ ఉంది. అమ్మ ఆస్పత్రి బిల్లులన్నీ ఒక ఫైల్లో పెట్టి, "నెలకు రెండుసార్లు నువ్వు తీసుకుపో, మందుల్లో సగం నీది" అని చెప్పండి. కోపంగా కాదు, లెక్క చెప్పినట్టు. నాన్నగారు సొంత సంపాదనతో కట్టిన ఇల్లయి, వీలునామా రాయకుండా పోయుంటే, 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం అమ్మకు, అన్నకు, మీకు సమాన వాటాలు. పూర్వీకుల ఆస్తిలోనూ 2005 సవరణతో కూతురికి కొడుకుతో సమాన హక్కు వచ్చింది. పెళ్లయిందా లేదా అన్న ప్రసక్తే లేదు.

ఇంకొకటి. మీరు వీలునామా రాయకపోతే మీ సంపాదన మీ తర్వాత అమ్మకు, ఆమె కూడా లేకపోతే నాన్న వారసులకు, అంటే అన్నయ్య వైపే పోతుంది. "ఒక్కదానివే కదా" అనడంలో ఆ ధీమా కూడా ఉండొచ్చు. మీకిష్టమైతే సరే. కాదంటే మామూలు కాగితం మీద రాసి, ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, వాళ్లతోనూ చేయించండి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ చేయిస్తే మంచిది.

పెద్దమ్మ సంగతి వేరు. ఆమెది కుళ్లు అనుకోను, చేతి అలవాటు. తంగేడు పూలు పేర్చేటప్పుడు ఎవరూ పుస్తెలు అడగరు, పెళ్లికాని పిల్లలు ఆడని బతుకమ్మ ఉందా? అందరి ముందు అడిగితే ఆమెకు చిన్నతనం. ఈసారి ఎంగిలిపూల నాడు వేయిస్తంభాల గుడికి బయల్దేరే ముందే ఆమె ఇంటికి వెళ్లండి. కాసేపు పూలు పేర్చి పెట్టి, "సద్దుల నాడు నా నుదుటికి పెట్టు పెద్దమ్మా" అనండి.