మీ తమ్ముడు టీవీ కట్టేసిన చోటు

అమ్మాయికి ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది. భాష శుభ్రంగా ఉంది, ఎక్కడా తడబడలేదు. అయినా చదువుతున్నంతసేపూ చిరాకు పడుతూనే ఉన్నాను. ఆ చిరాకే ఈ ఉత్తరం రాయిస్తోంది.

హ్యారీ పోటర్ నాలుగో పుస్తకానికీ, 2005లో దాన్ని తీసిన సినిమాకీ మధ్య తేడాలన్నీ వరసపెట్టి రాశావు. డర్స్‌లీల ఇల్లు లేదు. ఇంటిపనులు చేసే హౌస్ ఎల్ఫ్ వింకీ లేదు. లూడో బ్యాగ్‌మన్ లేడు. హౌస్ ఎల్ఫ్‌ల హక్కుల కోసం హెర్మయనీ పెట్టిన సంఘం లేదు. చీపుళ్ల మీద ఎగురుతూ ఆడే క్విడిచ్ ప్రపంచకప్పు మొదలయ్యేలోపే అయిపోయింది. పేజీలకు పేజీలు ఇదే పని. చివరికొచ్చి ‘అందువల్ల పాఠక ప్రేక్షకులు తీవ్ర నిరాశకు గురయ్యారు’ అని తేల్చేశావు. ఎవరమ్మా ఆ పాఠక ప్రేక్షకులు? నువ్వు చూశావా వాళ్లని? ఆరు వందల పేజీలు దాటిన పుస్తకాన్ని రెండున్నర గంటల పైచిలుకులో చూపించాలంటే సగానికి సగం వదిలెయ్యాల్సిందేనని పుస్తకం చదివిన ప్రతివాడికీ తెలుసు. తెలిసే టికెట్టు కొంటాడు. వదిలేశారని కాసేపు గొణుక్కుంటాడు, ఇంటికొచ్చి ఆ పేజీలు మళ్లీ తీసి చదువుకుంటాడు. అక్కడితో సరి. జాబితా రాయడానికి రచయిత అక్కర్లేదు.

కానీ మూడో పేజీలో, బ్రాకెట్లలో దాచి, ఒక్క వాక్యం రాశావు. హ్యారీ బడి హెడ్మాస్టరు డంబుల్‌డోర్ అతన్ని పట్టుకుని కుదిపేసే సీను రాగానే మీ తమ్ముడు ‘ఈయన ఆయన కాదక్కా’ అని టీవీ కట్టేశాడని. అది చదివి నేను కాగితాలు పక్కన పెట్టి కాసేపు అలాగే కూర్చున్నాను. నీ వ్యాసం అక్కడుంది. దాన్ని బ్రాకెట్లలో పెట్టి, వింకీకి పేరా ఇచ్చావు.

ఆ సీను పుస్తకంలో ఎలా ఉందో ఇంకోసారి చూడు. మాంత్రిక బడుల పోటీకి ముగ్గురి పేర్లు ఎంచాల్సిన నిప్పుల పాత్ర ఎవరూ ఊహించని నాలుగో పేరు, హ్యారీది, బయటికి విసిరింది. పక్క గదిలో అందరూ అరుచుకుంటున్నారు. అంతమంది మధ్య డంబుల్‌డోర్ ఒక్కడే ప్రశాంతంగా అడుగుతాడు, నీ పేరు నువ్వే వేశావా అని. అర్ధచంద్రాకారపు కళ్లద్దాల వెనక ఆయన కళ్లలో ఏముందో కనిపెట్టాలని హ్యారీ చూస్తాడు. సినిమాలో మైకేల్ గాంబన్ గదిలోకి దూసుకొచ్చి, పిల్లవాణ్ణి పట్టుకుని వెనక్కి నెట్టుకుంటూ పోయి, గట్టిగా అరుస్తాడు. ప్రమాదం ఎంత పెద్దదో చూపించాలని దర్శకుడు మైక్ న్యూవెల్ అనుకుని ఉండొచ్చు. ఫలితం ఏమైంది? ఇరవై ఏళ్లయినా ఆ పుస్తకం చదివినవాళ్లు ప్రపంచంలో ఏ మూల కలుసుకున్నా ఆ సీను గురించి మాట్లాడుకుంటూనే ఉన్నారు. లూడో బ్యాగ్‌మన్ గురించి ఎవరు మాట్లాడుతున్నారు?

నటుడు మారడం వల్లే ఈ కోపం కదా అని అడిగావు. కాదు. మొదటి రెండు సినిమాల్లో డంబుల్‌డోర్ వేసిన రిచర్డ్ హారిస్ 2002లో పోయాడు, గాంబన్ 2004లో మూడో సినిమాతోనే ఆ పాత్రలోకి వచ్చాడు. ముఖం మారినందుకు జనం కాస్త ఇబ్బంది పడ్డారు, తర్వాత అలవాటుపడ్డారు. ఈ ఒక్క సీనుకు మాత్రం అలవాటుపడలేదు. ముఖం మారితే సర్దుకుంటారు. స్వభావం మారితే సర్దుకోరు.

నేను ఇన్నేళ్లుగా పట్టుకుని వేలాడుతున్న నమ్మకం ఇదే, నీకూ అంటగట్టే దాకా వదలను. పాఠకుడు ఏది పోగొట్టుకున్నా ఓర్చుకుంటాడు, సంఘటన మారినా ఒప్పుకుంటాడు. తను ప్రేమించిన మనిషి చెయ్యని పని ఆ మనిషి చేత చేయిస్తే మాత్రం క్షమించడు. మాయల కథల్లో ఇది ఇంకా గట్టిగా పనిచేస్తుంది. మామూలు నవలలో వీధి ఉంటుంది, ఉద్యోగం ఉంటుంది, రైలు టైము ఉంటుంది. పాఠకుడు ఆనుకోవడానికి చాలా ఉన్నాయి. చీపుళ్లు ఎగిరే, బొమ్మలు మాట్లాడే లోకంలో ఏదైనా జరగొచ్చు. అలాంటిచోట పాఠకుడికి కాళ్లకింద నేల ఒక్కటే, ఈ మనిషి ఇలాంటివాడు అన్న నమ్మకం. దాన్ని లాగేస్తే పడిపోతాడు. పదేళ్ల పిల్లవాడైనా సరే.

దీన్ని నీ సినిమాలోనే పరీక్షించి చూడు. రెండో పోటీలో హ్యారీ నీళ్లలో ఊపిరి పీల్చుకోవడానికి తినే గిల్లీవీడ్ అనే మొక్కని పుస్తకంలో డాబీ అనే హౌస్ ఎల్ఫ్ తెచ్చిస్తాడు. సినిమాలో హ్యారీ తోటి విద్యార్థి నెవిల్ ఇస్తాడు. ఎంత పెద్ద మార్పు! డాబీ సినిమాలోనే లేకుండా పోయాడు. కానీ ఈ మార్పు చాలామందికి నచ్చింది. నెవిల్‌కి మొక్కలంటే ప్రాణం. హ్యారీకి చెబుతాడనే ఆశతోనే మూడీ మాస్టారి వేషంలో ఉన్న దొంగ అతని చేతిలో నీటిమొక్కల పుస్తకం పెట్టిన సంగతి నవలలోనే ఉంది. సినిమావాళ్లు ఆ దారిన చివరిదాకా నడిచారు, అంతే. పని మారింది, మనిషి మారలేదు. నీ జాబితాలో దీన్ని కూడా తప్పుల కిందే రాశావు. మీ తమ్ముడు అక్కడ టీవీ కట్టెయ్యలేదు కదా?

నేను రాయడం మొదలుపెట్టిన రోజుల్లో వారపత్రికల సీరియళ్లు రాజ్యం ఏలేవి. ఆడవాళ్లు వారం వారం ఆ కాగితాలు చింపి, పోగుచేసి, బైండు చేయించి పెట్టెలో దాచుకునేవాళ్లు. అలాంటి ఒక సీరియల్ సినిమాగా వస్తే మా ఊరి టూరింగ్ టాకీసులో చూశాను. హీరో పెళ్లాం మీద చెయ్యెత్తాడు. నవలలో అతను గొంతు పెంచి మాట్లాడడమే ఉండదు. నా ముందు కూర్చున్న పెద్దావిడ, పక్కవాళ్లతో కాదు, తెరతోనే అంది: ‘ఆయన అట్లా చెయ్యడు.’ ఇంటర్వెల్లో చెప్పులేసుకుని వెళ్లిపోయింది. నేను సమీక్ష అంతా ఆ మాట చుట్టూ అల్లాను. పత్రికవాళ్లు ఆ పేరా కొట్టేసి, పాటలు తీసిన ఊళ్ల పేర్లు చేర్చి అచ్చేశారు. వెళ్లి అడిగితే ఆ ఎడిటర్, ‘ప్రేక్షకుల స్పందన అంటే హాలు నిండిందా లేదా, అంతేనయ్యా’ అన్నాడు. ఆ మాట తలుచుకుంటే ఈనాటికీ నాకు కడుపు మండుతుంది. ఆవిడ టికెట్టు కూడా హాలు నిండిన లెక్కలోనే కలిసిపోయి ఉంటుంది. ఇప్పుడు ఐదుకి ఎన్ని చుక్కలు అని అడుగుతున్నవాళ్లంతా ఆయన వారసులే. మాయామంత్రాల కథలు పిల్లల సరుకని పక్కకు నెట్టే గంభీరమైన పత్రికలవాళ్లు ఇంకో రకం. కాశీమజిలీ కథలు వింటూ పెరిగినవాళ్లే ఆ మాట అంటుంటే ఏం చెప్పను!

ఇంగ్లీషు రచయిత టోల్కీన్ సంగతి నీకు తెలిసి ఉండాలి. 1950ల చివర్లో ఆయన మూడు సంపుటాల ఉంగరం కథ ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ను సినిమా తీస్తామని కొందరు అమెరికన్లు స్క్రిప్టు పట్టుకొచ్చారు. ఆయన దాన్ని సీను సీనుగా ఉతికి ఆరేశాడు. కానీ ఏమని? ఎందుకు వదిలేశారని కాదు. అన్నీ ఇరికించి కుదించేకంటే కొన్నిటిని ఏరుకుని మిగతావి వదిలెయ్యడమే మేలని ఆయనే రాశాడు. కథ చెప్పే న్యాయం ఏ మాధ్యమంలోనైనా పూర్తిగా వేరు కాదనీ, మూలకథకు ప్రాణం ఎక్కడుందో పట్టుకోలేక అక్కర్లేనివి జొప్పించడం వల్లే సినిమాలు తరచు చెత్తగా తయారవుతాయనీ అన్నాడు. ఆ ఉత్తరాలు సంపాదించి చదువు.

తర్వాత ఆ కథనే పీటర్ జాక్సన్ తీసిన సినిమాలకు వద్దాం. మొదటిదాంట్లో పుస్తకంలోని టామ్ బాంబడిల్ అనే పాత్ర మొత్తానికే లేదు. అయ్యో అనుకున్నారు, ఊరుకున్నారు. 2002లో రెండోది వచ్చింది. పుస్తకంలో ఫారమీర్ అనే సేనాని ఆ ఉంగరం దారిలో పడి ఉన్నా తీసుకోనంటాడు, దాన్ని మోస్తున్న కథానాయకుడు ఫ్రోడోని వదిలేస్తాడు. సినిమాలో ఫ్రోడోని బందీగా పట్టుకుని ఆస్గిలియత్ నగరం దాకా లాక్కెళ్తాడు, చివరికి అక్కడ వదులుతాడు. పుస్తకాన్ని ప్రేమించినవాళ్లు భగ్గుమన్నారు. తన పాత్రల్లో తనను పోలినవాడంటూ ఉంటే అది ఫారమీరేనని టోల్కీన్ ఒక ఉత్తరంలో రాసుకున్నాడు, ఆ మంట ఇంకా ఎక్కువైంది. స్క్రిప్టు రాసినవాళ్ల వాదన తేలిగ్గా తీసెయ్యదగ్గది కాదు: ఉంగరం ఎంతటివాణ్ణయినా లొంగదీస్తుందని ఇంతసేపూ భయపెట్టి, ఇప్పుడొకడు వచ్చి నాకక్కర్లేదు పొమ్మంటే దాని బలమంతా ఏమవుతుంది? సినిమా లెక్క ప్రకారం సరైన మాటే. నా మనసు మాత్రం ఒప్పుకోదు. అంత చీకట్లో వద్దనగలిగినవాడు ఒకడున్నాడన్నదే ఆ పుస్తకంలో పాఠకుడు ఊపిరి పీల్చుకునే చోటు. అక్కడే అతన్ని ఇంకొకడిగా మార్చారు. ఆ మార్పుకి కారణం చూపించడానికి తర్వాత నిడివి పెంచిన డీవీడీలో తండ్రి, అన్న ఉన్న సన్నివేశం కలిపారు. మనిషి అలా ఎందుకయ్యాడో అర్థమయ్యాక కొందరి కోపం కొంత తగ్గింది. స్వభావానికి సంజాయిషీ ఇవ్వక తప్పదు చూశావా?

కలంపేరు పెట్టుకోవాలా, ఏ పత్రికకి పంపాలి అని ఏవేవో అడిగావు. ఆ సంగతులు తర్వాత చూద్దాం.

ముందు ఈ పని చెయ్యి. జాబితా అంతా కొట్టెయ్యి. బ్రాకెట్లు తీసేసి ఆ వాక్యంతో మొదలుపెట్టు. మీ తమ్ముణ్ణి కూర్చోబెట్టి అడుగు: డంబుల్‌డోర్ అతనికి ఎలాంటివాడు, ఏ పేజీలో అలా అనిపించాడు, టీవీ కట్టేశాక ఏం చేశాడు, మళ్లీ ఎప్పుడైనా ఆ సినిమా పూర్తిగా చూశాడా. అతని మాటలు అతని యాసలోనే రాయి, నీ గ్రాంథికం పులమకు. అతను నీ వాదనకి అడ్డం చెబితే అది కూడా రాయి. తర్వాత పుస్తకం చదవకుండా సినిమా మాత్రమే చూసిన ఒకరిని పట్టుకుని అదే సీను చూపించు. వాళ్లకది బాగుందనిపిస్తే ఎందుకు బాగుందో ఓపికగా విను. వాళ్లకు ఆ ముసలాయన అప్పుడే పరిచయమవుతున్నాడు కదా. ఆ ఇద్దర్నీ ఒక పేజీ మీద పక్కపక్కన కూర్చోబెట్టి, మధ్యలో నువ్వు ఎక్కడ నిలబడతావో నీ పేరు మీద రాయి. ‘పాఠక ప్రేక్షకులు’ అన్న మాట ఎక్కడా కనబడకూడదు.

రాశాక కాగితం మీదే పంపు, మార్జిన్ బాగా వదులు. దసరాల్లో మా ఇంటికొస్తే తమ్ముణ్ణి కూడా తీసుకురా, నేనూ అతన్ని ఒకటి రెండు అడగాలి.

ఇట్లు
మీ మాస్టారు