క్లాంప్ మీటర్ సున్నా చూపడానికి కారణం

రెండు కిలోవాట్ల గీజరు వేడెక్కుతున్నా, దాని కేబుల్ చుట్టూ క్లాంప్ మీటర్ (తీగను తెంపకుండా, దవడల్లాంటి పట్టు మధ్య ఉంచి కరెంటును కొలిచే పరికరం) పెడితే సున్నానే చూపుతోందని, మీటరు పాడైందేమోనని మీరు అడిగారు. లోపం మీటరులో లేదు. మీరు ఫేజు, న్యూట్రల్ తీగలు రెండింటినీ కలిపి దవడల మధ్య ఉంచారు.

పొడవైన తిన్నని తీగలోని విద్యుత్ ప్రవాహం తన చుట్టూ వలయాకారపు అయస్కాంత క్షేత్రాన్ని ఏర్పరుస్తుంది. దాని బలం ప్రవాహంతో పాటు పెరుగుతూ, తీగ నుంచి దూరం పెరిగేకొద్దీ తగ్గుతుంది. 230 వోల్టుల వద్ద మీ గీజరు తీసుకునే 8.7 ఆంపియర్ల వల్ల, ఒంటరి తీగకు 1 సెంటీమీటరు దూరంలో సుమారు 174 మైక్రోటెస్లాల (అయస్కాంత క్షేత్ర బలాన్ని కొలిచే ప్రమాణం) క్షేత్రం ఉంటుంది. మన ప్రాంతంలో భూమి క్షేత్రం సుమారు 40 మైక్రోటెస్లాలే కనుక ఇది కొలవలేనంత స్వల్పమేమీ కాదు. అయితే ఆంపియర్ నియమం ప్రకారం, దవడల గుండా వెళ్లే నికర ప్రవాహాన్నే మీటరు గుర్తిస్తుంది. ఫేజులో వెళ్లినదంతా న్యూట్రల్‌లో ఎదురు దిశలో తిరిగి వస్తున్నందున ఆ రెండు క్షేత్రాలూ ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి.

మెయిన్ ఆపి, కేబుల్ పైతొడుగు లేని చోట ఫేజు తీగను మాత్రమే వేరుచేసి దవడల్లో పెట్టి, మళ్లీ సరఫరా ఇచ్చి చూడండి. తీగ ఇన్సులేషన్‌ను మాత్రం ఒలవకండి. అన్నట్టు, రెండు తీగలనూ కలిపి పట్టినప్పుడు సున్నా రాకపోతేనే ఆందోళన చెందాలి, ఎందుకంటే ఆ తేడా ఎక్కడో భూమిలోకి లీకవుతున్న కరెంటు. ఇళ్లలోని 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరాను దానంతటదే ఆపేసే స్విచ్) పనిచేసేదీ ఈ సూత్రంపైనే.