గిటార్ లాక్కోకండి, ఇంటర్ మాననివ్వకండి

ప్రశ్న: మా బాబు ఇంటర్ రెండో ఏడాది. రెండేళ్ల క్రితం వాళ్ల నాన్న పోయారు. అప్పట్నుంచి కాలేజీ ఎగ్గొట్టి గిటార్ పట్టుకుని కూర్చుంటున్నాడు. అమెరికాలో మెర్ల్ హాగర్డ్ అనే కంట్రీ (అమెరికా పల్లె బాణీ సంగీతం) గాయకుడు జైలుకెళ్లి కూడా స్టార్ అయ్యాడట, ఇక నాకు చదువెందుకు అంటాడు. మా తమ్ముడేమో గిటార్ విరగ్గొడతానంటున్నాడు. టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?
- ఒక తల్లి, రేపల్లె

జవాబు: అమ్మా, మీ అబ్బాయి ఎంచుకున్న మనిషిని చూస్తేనే నాకు సగం అర్థమైంది. హాగర్డ్‌కి తొమ్మిదో ఏట తండ్రి పోయాడు. కాలిఫోర్నియాలో బేకర్స్‌ఫీల్డ్ పక్కన ఆయిల్‌డేల్‌లో, పాత రైలు పెట్టెను ఇల్లుగా మార్చి కాపురం పెట్టిన తండ్రి ఆయన. తల్లి ఉద్యోగానికి వెళ్తే పిల్లాడు బడి ఎగ్గొట్టి తిరిగేవాడు. మీవాడు ఆ కథలో నాన్న లేని పిల్లాణ్ణి చూసుకుంటున్నాడేమో. ముందు ఆ దుఃఖం బయటికి రానివ్వండి. మీ దగ్గర నోరు విప్పకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయించండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ఆ కథలో మీవాడు దాటేసిన భాగం ఒకటుంది. దొంగతనం కేసులో శాన్ క్వెంటిన్ జైలుకెళ్లిన హాగర్డ్, అక్కడే హైస్కూలుతో సమానమైన పరీక్ష పాసయ్యాడు. 1960లో విడుదలయ్యాక పగలు అన్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టు పనుల్లో గోతులు తవ్వి, రాత్రి బార్లలో పాడేవాడు. తర్వాత లాస్ వేగాస్‌లో విన్ స్టీవార్ట్ అనే కంట్రీ గాయకుడి బ్యాండ్‌లో బాస్ గిటార్ వాయించాడు. కంట్రీ పాటల చార్టులో 38 నంబర్ వన్ పాటలు ఆ తర్వాతి సంగతి. జైలుకీ స్టార్ అవడానికీ మధ్య గడిచిన ఈ రోజుల గురించి బాబుని కూర్చోబెట్టి చదివించండి.

ఇంటర్ పూర్తి చేయాల్సిందే. తప్పిన సబ్జెక్టులుంటే సప్లిమెంటరీ ఉంది. సాయంత్రం రెండు గంటలు మాత్రం గిటార్‌కే వదిలేయండి. ట్రినిటీ కాలేజ్ లండన్ గిటార్ పరీక్షలు మన దేశంలోనే రాయొచ్చు, ఇనీషియల్ అనే మొదటి మెట్టు నుంచి ఎనిమిదో గ్రేడ్ దాకా ఉంటాయి. ఒక గ్రేడ్‌కి సిద్ధం కమ్మనండి. గదిలో ఒంటరిగా వాయించడానికీ, ఎదురుగా ఎగ్జామినర్ ఉంటే వాయించడానికీ ఎంత తేడానో తనకే తెలుస్తుంది. ఇంటర్ అయ్యాక కూడా ఇష్టం ఇలాగే ఉంటే, చెన్నైలో ఏ.ఆర్. రెహమాన్ పెట్టిన కేఎం మ్యూజిక్ కన్సర్వేటరీ లాంటి చోట్ల కోర్సులున్నాయి. ఫీజులు మాత్రం ముందే కనుక్కోండి.

మీ తమ్ముడికి ఒక్క మాట చెప్పండి. హాగర్డ్‌కి పన్నెండేళ్లప్పుడు గిటార్ ఇచ్చింది వాళ్లన్నే. జైలు నుంచి వచ్చాక పనిచ్చిందీ అన్నే. వచ్చే ఆదివారం మీ తమ్ముణ్ణి భోజనానికి పిలవండి. తిన్నాక, మేనమామ ముందు ఒక పాట వాయించమని బాబుని అడగండి.