తాతగారి కత్తి బెల్టుకు కొబ్బరినూనె వద్దు

ప్రశ్న: సైన్యంలో పనిచేసిన మా తాతగారి తోలు కత్తి బెల్టు, భుజం పట్టీతో సహా పాత పెట్టెలో దొరికింది. ఇత్తడి బకిల్ చుట్టూ ఆకుపచ్చటి మైనంలా పేరుకుంది. తోలు ముట్టుకుంటే ఎర్రపొడి అంటుతోంది. కొబ్బరినూనె రాసి, బకిల్ పాలిష్ చేయవచ్చా?
– ఒక పాఠకురాలు, తాడేపల్లిగూడెం

జవాబు: రెండూ వద్దమ్మా. భుజం పట్టీ ఉందంటున్నారు కాబట్టి అది శామ్ బ్రౌన్ బెల్టు అయివుంటుంది. శామ్ బ్రౌన్ అనే బ్రిటిష్ సైనికాధికారి పేరు మీద వచ్చింది. 1858లో ఎడమ చెయ్యి పోగొట్టుకున్న ఆయనకు ఒర పట్టుకోవడానికి రెండో చెయ్యి లేదు. ఒర కదలకుండా ఉంటే ఒంటిచేత్తో కత్తి దూయవచ్చని పుట్టిన అమరిక ఇది.

తోలులోని కొవ్వు ఆమ్లాలు ఇత్తడిలోని రాగితో కలిస్తే ఆ పచ్చమైనం పుడుతుంది. నూనె రాస్తే దానికి మేత వేసినట్టే. వెదురు పుల్లతో మెల్లగా గీకి, దూదిపుల్లకు కాస్త వైట్ స్పిరిట్ (పెయింట్ పలచన చేసే పెట్రోలియం ద్రావకం) అద్ది లోహం మీద మాత్రమే తుడవండి. ఇనుప పీచు, చింతపండు దగ్గరికి రానివ్వకండి. చాలా ఇత్తడి పాలిష్‌లలో అమ్మోనియా ఉంటుంది. వంచి, సాగదీసి చేసిన ఇత్తడిని అది పగలగొడుతుంది. బ్రిటిష్ కాలంలో మన దేశపు గుర్రపుశాలల్లో నిల్వచేసిన తూటాల ఇత్తడి గొట్టాలు వానాకాలంలో అలాగే చిట్లేవి. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియాయే కారణమని 1921లో తేలింది.

ఎర్రపొడి వస్తోందంటే ఆమ్లం తోలు పీచును తినేస్తోందని అర్థం. పోయిన బలం తిరిగి రాదు, పొడి రాలకుండా మాత్రం ఆపవచ్చు. తడిగుడ్డ పెట్టారో, అక్కడ తోలు నల్లబడి కట్టెలా బిగుస్తుంది. 100 మి.లీ. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో 2 గ్రాముల హైడ్రాక్సీప్రొపైల్ సెల్యులోజ్ (రాలే తోలును పట్టి ఉంచే పొడిజిగురు) కలిపి, రాత్రంతా కరగనిచ్చి, మెత్తటి కుంచెతో పలచగా ఒక్క పూత వేయండి. ముందు లోపలివైపు, కనబడనిచోట వేసి చూడండి. రంగు మారితే ఆపేయండి.

బకిల్ ముల్లును రంధ్రంలో ఉంచవద్దు, తోలు చీలేది అక్కడే. మడతపెట్టకుండా లావాటి అట్టగొట్టం చుట్టూ వదులుగా చుట్టి, ఇత్తడికీ తోలుకీ మధ్య పాలియెస్టర్ ఫిల్మ్ ముక్క పెట్టండి.

ప్రశ్న: అమెరికా అంతర్యుద్ధ కాలపు గద్ద బొమ్మ బకిల్ అమ్మకానికి ఉంది. అసలుదేనా?
– ఒక పాఠకుడు, డల్లాస్

జవాబు: అది 1851 నమూనా కత్తి బెల్టు పలక. ముందు వెనక్కి తిప్పండి. చాలా అసలు పలకల వెనుక చేత్తో కొట్టిన జత అంకె ఉంటుంది. బెల్టు రెండో కొసన ఉండే జత ముక్క మీదా అదే అంకె ఉండాలి. పాత రకాల్లో గద్ద చుట్టూ ఉన్న వెండిరంగు ఆకుల దండ విడిగా అతికించినది, భూతద్దంలో అతుకు కనిపిస్తుంది. దండ పలకతో కలిపి పోతపోసిన అసలువీ ఉన్నాయి, కనుక అతుకు లేదని నకిలీ అనేయకండి. కానీ అంకెలు కలవకపోతే జతకు అడిగే ధర ఇవ్వకండి.