గణితంలో కాన్సెప్ట్ మ్యాప్‌కు మార్కులు ఎలా వేయాలి?

హైస్కూలు గణితంలో పిల్లల చేత కాన్సెప్ట్ మ్యాపులు (పదాలను పెట్టెల్లో రాసి, వాటి మధ్య సంబంధాన్ని గీతల మీద మాటల్లో చెప్పే పటాలు) గీయించి వాటికి మార్కులు వేయవచ్చా, వేస్తే దేన్ని చూసి వేయాలి అని అడిగారు. తొమ్మిదో తరగతికి చతుర్భుజాల పాఠం చెబుతూ కొన్నేళ్లుగా ఈ పద్ధతిని వాడుతున్నాను. తప్పకుండా వేయవచ్చు, అయితే మార్కులు పెట్టెలకు కాక, వాటిని కలిపే గీతల మీద పిల్లలు రాసిన మాటలకు వేయాలి.

చతుర్భుజం, ట్రెపీజియం, సమాంతర చతుర్భుజం, దీర్ఘచతురస్రం, రాంబస్, చతురస్రం, కర్ణాలు, లంబకోణం అనే పదాలను బోర్డు మీద రాసి, గీత మీది మాటను రెండు చివర్ల పదాలతో కలిపి చదివితే పూర్తి వాక్యం కావాలని చెబుతాను. వైశాల్యాల లెక్కలన్నీ తప్పు లేకుండా చేసే పిల్లల్లో కూడా చాలామంది చతురస్రానికీ దీర్ఘచతురస్రానికీ మధ్య ‘వేరు’ అని రాస్తారు. పొడవు, వెడల్పు సమానంగా లేకపోతేనే దీర్ఘచతురస్రం అన్న చిన్న తరగతుల ఊహ వారిలో చెక్కుచెదరకుండా ఉంటుంది. సూత్రంలో విలువలు వేసి చేసే లెక్క ఏదీ దాన్ని బయటపెట్టదు. చతురస్రం ఒక దీర్ఘచతురస్రం, ఒక రాంబస్ కూడా అని గ్రహించిన విద్యార్థికి మాత్రం, దాని కర్ణాలు సమానమని, అవి లంబంగా ఖండించుకుంటాయని విడిగా కంఠస్థం చేయవలసిన పని ఉండదు. నేను కొలవాలనుకునేది ఆ గ్రహింపునే.

ఈ పద్ధతిని 1970లలో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో జోసెఫ్ నొవాక్ బృందం రూపొందించింది. నొవాక్, గోవిన్ 1984లో సూచించిన మార్కుల పద్ధతిలో సరైన సంబంధానికి 1, పదాలను పైనుంచి కిందికి పేర్చిన ఒక్కో అంతస్తుకు 5, పటంలోని వేర్వేరు భాగాలను కలిపే అడ్డ సంబంధానికి 10 చొప్పున ఉంటాయి. గణితానికి అంతస్తుల మార్కులు అంతగా నప్పవని నా అభిప్రాయం, ఎందుకంటే పదాలను కిందికి కిందికి పేర్చినంత మాత్రాన అవగాహన లోతుగా ఉన్నట్టు కాదు. నేను ఒక్కో గీతకు రెండు మార్కులు పెడతాను. ‘దీర్ఘచతురస్రానికి కర్ణాలు ఉంటాయి’ అన్నది నిజమే గాని అది ఏ చతుర్భుజానికైనా చెల్లుతుంది కనుక ఒకటి, ‘దీర్ఘచతురస్రంలో కర్ణాలు సమానం’ అంటే రెండు. రాంబస్, దీర్ఘచతురస్రం రెండింటినుంచీ చతురస్రానికి సరైన గీతలు వస్తే అదనంగా ఇస్తాను.

మొదటిసారి గీసిన పటానికి మాత్రం దయచేసి మార్కులు వేయకండి. అప్పుడు కొలిచేది గణితాన్ని కాదు, పటం గీసే అలవాటును. నిరూపణ రాయగల శక్తి కూడా ఇందులో కనబడదు కనుక దీన్ని పాఠం సాగుతుండగా అవగాహనను చూసే ఫార్మేటివ్ అసెస్‌మెంట్‌కే పరిమితం చేసి, ప్రతి విద్యార్థినీ ఏదో ఒక గీత చూపించి ‘ఎందుకు?’ అని నోటిమాటగా అడగడం మంచిది.

దిద్దిన తరువాత తప్పు వాక్యాల్లో ఒకటి రెండు, రాసినవారి పేర్లు చెప్పకుండా, తరగతి ముందు పెట్టండి. ‘కర్ణాలు సమానమైతే అది దీర్ఘచతురస్రమే’ అన్న వాక్యం నాకు తరచుగా ఎదురవుతుంది. దాన్ని బోర్డు మీద రాసి వదిలితే, సమాంతరం కాని భుజాలు రెండూ సమానంగా ఉన్న ట్రెపీజియాన్ని గీసి, అది తప్పని పిల్లలే చూపిస్తారు.