ఫోన్ వీడియోల్లో మంచి గొంతు కనబడితే ఆ మనిషిని పట్టుకునేదెట్ల?

అడిగిన తమ్ముడు జానపదాల ఛానల్ పెడ్తున్నడట, పేరున్న సింగర్లకు ఇచ్చేంత బడ్జెట్ లేదు, యూట్యూబ్‌ల ఇన్‌స్టాల వెతికి ఎవ్వరికీ తెల్వని గొంతులను పట్టుకోవాలంటే ఎట్ల, దొరికినంక స్టూడియోకు పిలవాల్నా మనమే ఊరికి పోవాల్నా అని అడుగుతున్నడు. నాది నల్లగొండ, కీబోర్డ్ ప్రోగ్రామింగ్ చేస్త, ఇంట్లనే ఒక రూమ్‌ను స్టూడియో లెక్క చేసుకున్న, కొన్నేండ్ల నుంచి ఇదే పని కాబట్టి నాకు తెలిసిన కాడికి చెప్త.

మొట్టమొదలు, పాడే మనిషి పేరు మీద ఛానల్ ఉంటదనుకోని వెతకకు. అసలు గొంతులు ఎప్పుడూ వేరేటోళ్ల అకౌంట్లల్లనే ఉంటయ్. పొలం ఆసామి కొడుకు తీసింది, పెండ్లిల ఫొటోగ్రాఫర్ తీసింది, మనుమడు సరదాకు రీల్ పెట్టింది, గిసొంటియి. మన దగ్గరనే కాదు, పెద్ద పెద్దోళ్ల కథలు చూడు, జస్టిన్ బీబర్ వీడియోలు వాళ్లమ్మ చుట్టాలు చూస్తరని అప్‌లోడ్ చేసింది, 2007ల స్కూటర్ బ్రౌన్ అనే మ్యూజిక్ మేనేజర్ వేరే వాళ్ల వీడియో వెతుకుతుంటే పొరపాటున ఇది క్లిక్ అయిందట. జర్నీ అనే అమెరికా రాక్ బ్యాండోళ్లకు కొత్త సింగర్ దొరికింది కూడ గట్లనే, ఫిలిప్పీన్స్‌ల ఆర్నెల్ పినేడా పాడిన వీడియోలు ఆయన దోస్తు ఎక్కిస్తే ఆ బ్యాండ్ గిటారిస్ట్ నీల్ షాన్ 2007ల చూసి పిలిచిండు. మన తెలుగుల 2018ల వైరలైన వడిశలేరు పసల బేబీ గారి పాట కూడ పక్కన ఉన్నోళ్లు ఫోన్ల తీసిందే. అంటే వ్యూస్, సబ్‌స్క్రైబర్లు, ప్రొఫైల్ ఫొటో ఇవన్నీ అప్‌లోడ్ చేసినోని లెక్క, పాడినోళ్ల లెక్క కాదు. వ్యూస్ చూసి పోయినవంటే నీకంటే ముందే నలుగురు పోయి ఉంటరు.

వెతికే మాటలు కూడ మార్చుకో. "ఫోక్ సాంగ్", "జానపద గీతం" అని కొడితే డ్రోన్ షాట్లు, మేకప్‌లు, డ్యాన్సులు ఉన్న వీడియోలే వస్తయ్, అవన్నీ ఆల్రెడీ మార్కెట్ల ఉన్నోళ్లవి. "నాటేస్తుంటే పాట", "కైకిలోళ్ల పాట", "మా ఊరి కోలాటం", "భజన రాత్రి", "పీరీల పండుగ పాట", "మా నాయనమ్మ పాట" ఇట్ల కొట్టు, తప్పు స్పెల్లింగులతోటి కూడ కొట్టు, ఎందుకంటే పెట్టినోళ్లు తప్పులతోనే పెడ్తరు. టైం చూసుకోని కొట్టు. సాగర్ ఎడమ కాలువ కింద, హాలియా, నిడమనూరు, మిర్యాలగూడ దిక్కు నీళ్లొదిలి నాట్లు మొదలైతే నాట్ల పాటలు కుప్పలుగా పడ్తయ్, బతుకమ్మ పోయినంక వారం రోజులు పండగే, దీపావళి తర్వాత కురుమూర్తి జాతర, మాఘంల చెరువుగట్టు, రెండేండ్లకోసారి దురాజ్‌పల్లి పెద్దగట్టు, పెద్దగట్టు అయితే ఒగ్గు కథ చెప్పే ఒగ్గోళ్ల కోసమే చూడొచ్చు. పాలమూరు దిక్కు ఒక తిరకాసు ఉన్నది, చానమంది వలస పోతరు కాబట్టి పాలమూరు గొంతులు కొన్ని ముంబై, పుణె సైట్ల మీద తీసిన వీడియోలల్ల ఉంటయ్, కింద కామెంట్లల్ల మాత్రం "మాది మక్తల్", "మాది కొడంగల్" అని కనబడ్తది. కామెంట్లు మొత్తం చదువు, అసలు అడ్రస్ అండ్లనే ఉంటది.

నాకట్లనే దొరికిందొక అక్క. వీడియోల ఏముందంటే, మడిల వరుసగా ఆడోళ్లు వంగి నాటేస్తున్నరు, ఒడ్డు మీద ట్రాక్టర్ స్టార్ట్ అయ్యే ఉన్నది, ఫోన్ పట్టుకున్న పోరడు ఎక్కువ ఆకాశాన్నే తీసిండు. మొకాలు కనబడయ్, నడుములే కనబడ్తయ్. ఒకామె ఎత్తుకుంటది, మిగతావాళ్లు అందుకుంటరు, మళ్ల ఆమె ఎత్తుకునే టైంకు వెనుక గుంపు ఇంకా ముగించకముందే ఈమె గొంతు పైనుంచి దిగుతది, ఆ ట్రాక్టర్ సౌండుల కూడ ప్రతి మాట సాఫ్ ఇనబడ్తది. కింద ఎవరో "మూడో ఆమె మా చిన్నమ్మ" అని రాసిన్రు, వ్యూస్ నాలుగు వందలు కూడ లేవు. ఆ రాసిన పిల్లకు మెసేజ్ పెట్టిన, రెండు రోజులు రిప్లై లేదు, తర్వాత వాళ్ల అన్న ఫోన్ చేసి "మీరెవరు, మా చిన్నమ్మతోటి మీకేం పని" అని గట్టిగనే అడిగిండు. అడగాలె కూడ. ఆడమనిషి వీడియో చూసి తెల్వని మగోడు మెసేజ్ పెడితే ఇంట్లోళ్లు అనుమానపడకుంటే ఎట్ల. అందుకే నేను ఎప్పుడైనా ముందు ఇంట్లోళ్లతోటే మాట్లాడ్త, ఊరికి పోయేటప్పుడు మా ఇంటామెను తీసుకపోత, కుదరకుంటే ఆ ఊరి తెలిసిన మనిషినన్నా ఎంబడి పెట్టుకుంట.

ఊరికి పోకముందు వీడియో ఇనేటప్పుడు రెండు మూడు చూసుకో. ఫోన్ మైక్ దానంతటదే సౌండ్ ఎక్కించి తగ్గిస్తది, మెల్లగ పాడింది గట్టిగ పాడింది ఒక్క తీరే రికార్డ్ అయితది, కాబట్టి "గొంతుల ఎంత బలం ఉంది" అన్నది ఫోన్ వీడియోతోటి తేల్చలేవు. కరోకే ఆప్‌లల్ల ఎకో పెట్టి పాడినవి అసలుకే పక్కన పెట్టు, ఎకో అన్నీ కప్పేస్తది. తేల్చగలిగేది శృతి. పల్లవి మొదటిసారి పాడింది, చివరి చరణం తర్వాత పాడింది రెండూ కోసి పక్కపక్కన పెట్టుకోని ఇను. మొత్తంగ కొంచెం పైకి ఎక్కితే పరేషాన్ కావద్దు, గుంపుల పాడితే జోష్‌ల అందరూ పైకే పోతరు. చరణానికో తీరు పోతుంటే మాత్రం తర్వాత శృతి సరిచేసే సాఫ్ట్‌వేర్ మెలోడైన్‌ల కూసోని నువ్వే ఏడ్వాలె. ఇంకోటి, అదే మనిషివి ఇంకో రెండు వీడియోలు దొరుకుతయా చూడు, ఒక్క పాటే బాగ పాడేటోళ్లు ఊరికి పదిమంది ఉంటరు.

ఇగ నీ అసలు ప్రశ్న, స్టూడియోనా ఊరా అని. మొదటిసారి ఊరే. ఆ అక్కను మొదట వాళ్లింట్ల పాడమంటే "సారూ, కూసోని పాడితే రాదు నాకు" అన్నది. నిజంగనే రాలేదు. మళ్ల వాళ్ల ఆడబిడ్డను, పక్కింటామెను పిలిపించి ముగ్గురినీ వాకిట్ల నిలవెట్టినం, చెవు మీద చెయ్యి పెట్టుకోని కండ్లు మూసుకోని ఎత్తుకుంది సూడు, వాళ్లత్త చాట పక్కకు పెట్టి కూసున్నది. నా దగ్గర ఉన్నది జూమ్ కంపెనీ చిన్న సౌండ్ రికార్డర్, కొంచెం దూరంగ పెట్టిన, కోడి కూతలతోటి సహా వచ్చింది. తర్వాత స్టూడియోకు వచ్చినప్పుడు హెడ్‌ఫోన్ ఒక్క చెవుకే పెట్టిన, రెండో చెవు ఖాళీ, లేకుంటే ఆమె గొంతు ఆమెకే కొత్తగ అనిపించి ఆగిపోతది.

క్లిక్ ట్రాక్ (చెవుల టిక్ టిక్‌మని తాళం కొట్టే సౌండ్) వేసి పాడమని మాత్రం అడగకు. చరణం చివర ఊపిరి తీసుకునే కాడ ఆమె ఒక అర మాత్ర ఎక్కువ ఆగుతది, ఆ ఆగుడే పాట. ముందు ఆమెను ఒట్టిగ పాడించుకో, తర్వాత ఆమె నడకకు టెంపో మ్యాప్ చేసుకోని, అంటే ఏ కాడ వేగం ఎంతో కంప్యూటర్ల గుర్తు పెట్టుకోని, నువ్వు డప్పు, ప్యాడ్ (ఎలక్ట్రానిక్ డ్రమ్) వేసుకో. పని డబల్ అయితది, తెలుసు. శృతి కూడ ఆమె ఎత్తుకున్న కాడనే ఉంచు. మనం కీబోర్డ్ మీద చేతికి ఈజీగ ఉన్న శృతికి దించినమంటే గొంతుల ఆ కోత పోతది, ఎవరో మామూలు సింగర్ పాడినట్టు ఉంటది, అప్పుడు ఇంత దూరం పోయి వెతికి ఏం లాభం.

కాగితం సంగతి నువ్వు అడగలేదు గని ఇదే ముఖ్యం. ఆ అక్క అంతకుముందే ఒక ఛానల్‌కు ఒక పాట పాడిందట, చీర పెట్టి రెండువేలు ఇచ్చిన్రు, వీడియోల వేరే అమ్మాయి డ్యాన్స్, పాడింది ఎవరో పేరు కూడ ఎయ్యలేదు. ఆమె కోపం డబ్బుల మీద కాదు, పేరు మీదనే. నువ్వు అట్ల చెయ్యకు. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది, పాడినోళ్లకు కూడ హక్కులిచ్చింది, హక్కు రాసిచ్చుడు నోటిమాటగ చెల్లదు, సంతకం ఉన్న కాగితం ఉండాలె, ఎన్నేండ్లు అని రాయకుంటే 5 ఏండ్లే అని లెక్క, ఏ దేశాలకు అని రాయకుంటే ఇండియా వరకే. తెలుగుల ఒక పేజీ రాసుకో, పేరు ఎక్కడ పడ్తది, ముందు ఎంత, ఛానల్‌కు డబ్బులొస్తే అండ్ల ఎంత, చదివి వినిపించి సంతకం పెట్టించు, ఒక కాపీ వాళ్లింట్ల ఇచ్చిరా. డబ్బులొస్తయని గాలి మేడలు కట్టకు కూడ, యూట్యూబ్‌ల యాడ్ డబ్బులు మొదలు కావాలంటే 1,000 సబ్‌స్క్రైబర్లు, ఏడాదిల 4,000 గంటల వాచ్ టైం కావాలె, లేకుంటే 90 రోజులల్ల షార్ట్స్‌కు కోటి వ్యూస్. అందుకే వాటా సంగతి ఎట్లున్నా, పాడిన రోజు కూలి చేతుల పెట్టుడు మర్చిపోకు, ఆ రోజు పనికి పోకుండ వచ్చింది ఆమె.

పాట ఎవరిది అన్నది కూడ కనుక్కో. అవ్వ పాడింది గదా, జానపదమే అనుకుంటే చిక్కుల పడ్తవ్. మన నల్లగొండల సుద్దాల హనుమంతు గారి పాటలు జనం నోట్ల కలిసిపోయినయ్, ఆయన 1982ల పోయిన్రు, కవి పోయినంక 60 ఏండ్ల దాక పాట మీద హక్కు ఇంట్లోళ్లదే. గోరటి వెంకన్న పాటలు కూడ పల్లెల్ల అట్లనే పాడుకుంటరు, ఎవరు రాసిన్రో తెల్వకుండనే. నిజంగ ఎవరిదో తెల్వని తాతలనాటి పాటైతే ఎవరైనా పాడుకోవచ్చు, వేరే ఛానలోళ్ల రికార్డింగ్ మాత్రం ముక్క కూడ వాడుకోవద్దు, యూట్యూబ్‌ల కాపీలను పట్టే కంటెంట్ ఐడీ సిస్టమ్ పట్టేస్తది.

ఒక మాట అదనంగ. లింగాల మండలం అవుసలికుంట దర్శనం మొగులయ్య గారు 12 మెట్ల కిన్నెర అనే తీగల వాయిద్యం తోటి 2021ల సినిమా పాటల వినబడి దేశమంత తెలిసిన్రు, 2022ల పద్మశ్రీ వచ్చింది, 2024ల అదే మనిషి హైదరాబాద్ పక్కన కూలికి పోతున్నడని పేపర్ల చదివినం. అందుకని నువ్వు ఆ ఇంటికి పోయినప్పుడు "నిన్ను స్టార్ చేస్త" అని అనకు. ఈ పాట, ఈ రోజు, ఇంత డబ్బులు, పేరు ఇక్కడ పడ్తది, ఇంతవరకే చెప్పు. నేను చెప్పిన నాట్ల పాట అక్క అయితే ఇప్పుడు ఏడాదికి ఒకటో రెండో పాడ్తది, అదీ నాట్లు, కలుపు లేని రోజులల్లనే, డేట్ ఆమె చెప్తది, నేను దానికి తగ్గట్టు ప్యాడ్ వాయించే పిలగాన్ని సెట్ చేసుకుంట.